నవ్వితేనే ప్యాకప్

ఆ వసారా ఎంత నడిచినా తరగడం లేదు. వకుళ నడుస్తూనే ఉంది, ఎడమవైపు గోడ నిండా ఫోటోలు, ప్రతి ఫోటోకీ ఒక దండ, ప్రతి ఫోటోలోనూ అదే మనిషి, ఒకదానిలో పంచెకట్టు, ఒకదానిలో పోలీసు టోపీ, ఒకదానిలో జరీ కండువా, ఇంకొకదానిలో లాయరు కోటు; గోడ కూడా నిజం గోడ కాదు, వెనక కర్రలు ఆనించి నిలబెట్టిన ప్లైవుడ్డు, పైన కప్పు లేదు, కప్పు ఉండాల్సిన చోట తెనాలిలో ఆమె చిన్నప్పుడు నాటకాలాడిన హాలు పంకాలు కిర్రుమంటూ తిరుగుతున్నాయి. ఇది ఎవరి ఇల్లో, ఏ సెట్టో, తను ఎప్పుడు వచ్చిందో ఆమెకు గుర్తు లేదు, గుర్తు లేదన్న దిగులు కూడా లేదు.

చివరి ఫోటో దగ్గర ఆగేసరికి అందులోని మనిషి చట్రం మీద చేతులు ఆనించి, కిటికీలోంచి వంగినట్టు ముందుకు వంగుతున్నాడు.

"కాస్త ఈ దండ పట్టుకోవే అమ్మడూ. ప్లాస్టిక్కు బంతిపూలు, మెడంతా గీరుకుపోతోంది. ఇన్నాళ్ళూ ఇదే వేస్తున్నారు వెధవలు, ఒక్కడైనా నిజం పూలు తేడు."

వకుళ దండ పట్టుకుంటుంది. భీమశంకరం ఒక కాలు, తరువాత ఇంకో కాలు బయటపెట్టి, పంచె కుచ్చిళ్ళు సర్దుకుని వసారాలోకి దిగుతాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, కాకినాడలో దినకర్మలకు తను వెళ్ళింది కూడా. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు, అయినా ఇద్దరిలో ఎవరూ దాన్నొక పెద్ద విషయంగా తీసుకోవడం లేదు.

భీమశంకరం ఎలాంటి నటుడో కాకినాడ వాళ్ళను అడగాలి. ఆయన స్టేజీ ఎక్కితే వెనక బెంచీల్లో వేరుశనక్కాయలు వొలుచుకునేవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయేవట. అంతటి మనిషి సినిమాల్లోకి వచ్చి ఏం చేశాడయ్యా అంటే, చచ్చిపోయాడు. హీరో తండ్రిగా చచ్చిపోయాడు, హీరోయిన్ తండ్రిగా చచ్చిపోయాడు, విలన్ మారిన మనిషయ్యే సినిమాల్లో విలన్ తండ్రిగా కూడా చచ్చిపోయాడు. సినిమా మొదలైన కాసేపటికి నేల మీద చాప, తల దగ్గర దీపం, ఆ తరువాత సినిమా అయ్యేదాకా గోడ మీద ఫోటో. జనం ఆయనను ముద్దుగా ఫోటో శంకరం అనేవారు. ఆయన కనిపించగానే థియేటర్లో ఎవడో ఒకడు, "పాపం, ఎంతసేపుంటాడో" అని అరిచేవాడు, హాలంతా ఘొల్లుమనేది.

వకుళ మొదటి సినిమాలో ఆయన కూతురు. ఆ తరువాత ఎన్ని సినిమాల్లో కూతురైందో లెక్క లేదు. మొదటి రోజే ఆయన, "నన్ను మీరు, గీరు అనకు. ఏ కూతురైనా నాన్నని మీరంటుందా? బయట అలవాటైతే కెమెరా ముందు తప్పు రాదు, నువ్వనే పిలువు" అని పట్టుబట్టాడు. నాన్న అనడానికి నోరు రాక బాబాయ్ అంది, అదే నిలిచిపోయింది.

"బాబాయ్, నిన్నొకటి అడగాలి" అంటుంది వకుళ. దండ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అడుగుదువుగాని. ముందు ఎక్కడైనా కాఫీ దొరుకుతుందేమో చూద్దాం పద. ప్రొడక్షన్ వాళ్ళ కాఫీని ఎన్ని తిట్లు తిట్టాను! అదే నయమని చచ్చాక తెలిసింది."

మలుపు తిరగగానే వసారా కాస్తా ఒక రైల్వే క్యాంటీన్ అవుతుంది, బల్లల మీద కప్పులకు బదులు మేకప్ డబ్బాలు, ఒక డబ్బా మూత తీసి ఆయన ముందుకు జరిపితే అందులో నిజంగానే పొగలు కక్కే కాఫీ ఉంది. దూరంగా ఎక్కడో ఎవరో "లైటింగ్ ఇంకా కాలేదు, టైం పడుతుంది" అంటున్నారు. రైలు ఆలస్యమని చెప్పే గొంతు అది. వకుళకు ఆ గొంతు వినగానే ఈ వేళ తనకొక పని ఉందని గుర్తొస్తుంది, ఆ పని ఏమిటో ఇన్ని వింతల మధ్య కూడా మరుపు రాలేదు.

ఈ వేళ ఆమె ఒక శవం. సినిమాలోనే లెండి. హీరోయిన్ తల్లి చచ్చిపోయే సీను, ఆ తల్లి వకుళ. ఆ సీను అవగానే గోడకు తగిలించడానికి ఒక ఫోటో కావాలని వాళ్ళు అడుగుతున్నారు. పొద్దున కారెక్కేటప్పుడే ఆమె తీర్మానించేసుకుంది. శవం సీను ఒప్పుకున్నాను గనుక చేసేస్తాను, ఫోటో మాత్రం ఇవ్వను, నా ఫోటోకు దండ వేయనివ్వను, ఇంతటితో సినిమాలకు ఒక దండం పెట్టి తెనాలి వెళ్ళిపోతాను అని. అయితే వెళ్ళేలోగా ఒక్క మాట తేల్చుకోవాలి, ఆ మాట తేల్చగలవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఇప్పుడు ఎదురుగా కూర్చుని కాఫీ ఊదుకుంటున్నాడు.

"ఆ చెత్త సినిమాలన్నీ ఎందుకు చేశావు బాబాయ్?"

"ఏ చెత్త? పేరు పెట్టి అడగవే, చాలా ఉన్నాయి."

"పాము హెలికాప్టర్ ఎక్కి పగ తీర్చుకునేది."

"ఆహా! అందులో పాముకి నేను నాన్నని."

"కాదు, పాముని పెంచిన ఆమెకి నాన్నవి. నన్నే కదా పెంచమన్నారు ఆ పాముని!" అని వకుళ నవ్వబోయి, నవ్వు రాక ఆగిపోతుంది. "నవ్వులాటకి అడగట్లేదు బాబాయ్. నీ అంత నటుణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు. నువ్వు కాదు, కూడదు అని ఒక్కసారైనా ఎందుకు అనలేదు? నువ్వు అనలేదని నేనూ అనలేదు. ఇప్పుడు చూడు, నీ చాప మీదకే వచ్చి పడుకున్నాను."

ఆయన మేకప్ డబ్బా మూత పెట్టి, "నీకు ఈ వేషం ఎవరు చెప్పారు?" అని అడుగుతాడు.

అడిగీ అడగ్గానే క్యాంటీన్ బల్ల యూసఫ్‌గూడలో వకుళ ఫ్లాటులోని టీపాయ్ అవుతుంది, దాని పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని సాత్యకి కూర్చుని ఉన్నాడు. ఈ సినిమా దర్శకుడు అతనే, గడ్డం ఇంకా సరిగా రాని కుర్రాడు. సోఫాలో కూర్చోమంటే కూర్చోకుండా నేల మీదే కూర్చుని కథ చెప్పిన రోజు అది, ఆమె కళ్ళముందు మళ్ళీ జరుగుతోంది. మెస్సు నడిపే తల్లి. మొగుడు పోయినా మెస్సు మూయని తల్లి, వడ్డించేటప్పుడు ఎవడి ఆకలి ఎంతో ముఖం చూసి చెప్పే తల్లి. సాత్యకి లేచి కొంగు దోపుకున్నట్టు చొక్కా అంచు దోపుకుని, లేని గరిటెతో లేని సాంబారు వడ్డిస్తూ, ఒక కుర్రాడి విస్తరి ముందు ఆగి, "రెండు రోజులై తినలేదు కదరా నువ్వు?" అన్నాడు. వంటింట్లో పనిచేసుకునే సత్తెమ్మ కుక్కరు ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కథ అయ్యేసరికి ముగ్గురూ ఏడుస్తున్నారు, టీ చల్లారిపోయింది, వకుళ ఆ క్షణమే ఒప్పేసుకుంది.

తీరా షూటింగు దగ్గరికి వచ్చేసరికి మెస్సు లేదు, సాంబారు లేదు, ఆ కుర్రాడి విస్తరి లేదు. హీరోకు ఇంకో ఫైటు పెరిగింది, విదేశాల్లో ఒక పాట పెరిగింది, పెరిగినవాటికి చోటివ్వడానికి తల్లి తగ్గుతూ తగ్గుతూ వచ్చి చివరికి ఒక చాప, ఒక దీపం, ఒక ఫోటో మిగిలింది.

భీమశంకరం గుమ్మంలో సత్తెమ్మ పక్కన నిలబడి ఆ కుర్రాడు వడ్డించడం కళ్ళార్పకుండా చూస్తున్నాడు. చూసి చూసి, చేతులు రెండూ జోడించి, "ఒరేయ్, ఎంత బాగా చేస్తున్నావురా!" అంటాడు. తరువాత వకుళ వైపు తిరిగి, "ఇంకా నన్నడుగుతావేమిటే?" అంటాడు.

"అంటే?"

"నువ్వు ఒప్పుకున్నది ఆ తల్లి వేషమనుకుంటున్నావా? ఆ కుర్రాడి నటనకి ఒప్పుకున్నావు. ఆ సినిమా మొత్తానికి గొప్ప నటుడు వాడే, వాడికి మాత్రం అందులో వేషం లేదు. నాకూ జీవితమంతా అదే అయిందే అమ్మడూ. మనకి ఎవరూ కాగితాలిచ్చి చదువుకోమనరు కదా, ఎదురుగా కూర్చుని కథ చెబుతారు. ప్రాణం పెట్టి చెబుతారు. ఒకడు మన ముందు అలా చేసి చూపిస్తుంటే కాదనడానికి నోరెలా వస్తుంది? బియ్యం కొట్టువాడైతే కాదంటాడు, మనం నటులం, నటన చూస్తే లొంగిపోతాం. ఆ పాము కథ చెప్పినవాడు చూడాలి! మా ఇంట్లో సోఫా మీద పడగ విప్పి ఆడాడే. మా ఆవిడ జడిసి చుట్టాలింటికి వెళ్ళిపోయింది."

ఈసారి వకుళ నవ్వు ఆపుకోలేకపోతుంది. నవ్వుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అవి ఏ నీళ్ళో తనకే తెలియడం లేదు. సాత్యకి, సత్తెమ్మ, టీపాయ్ మెల్లగా పలచబడి ఎటో పోయారు, పంకాల చప్పుడు మాత్రం అలాగే ఉంది.

"అది ఒకసారి, రెండుసార్లు, బాబాయ్. ఆ తరువాత తెలిసిపోతుంది కదా. తెలిసీ ఎందుకు?"

ఆయన ముఖంలో హాస్యం తగ్గుతుంది. వసారా గట్టు మీద కూర్చుని ఆమెను కూడా కూర్చోమని పక్కన చేత్తో తడతాడు.

"భయమే. నీ దగ్గర దాచేదేముంది. ఫోను మోగని ఇల్లు ఎలా ఉంటుందో నువ్వు చూశావా? మా ఆవిడ దుమ్ము తుడిచే వంకతో రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేది, లైను ఉందా పోయిందా అని. నేను పేపరు అడ్డం పెట్టుకుని చూడనట్టు ఉండేవాణ్ణి. ఆవిడ లైను చూస్తోందని నాకు తెలుసు, నేను ఆవిణ్ణి చూశానని ఆవిడకి తెలుసు. ఆ తరువాత ఫోను మోగితే అవతల పాము ఉందా, ముంగిస ఉందా అని అడుగుతామా?"

వకుళ ఇంట్లో ఫోను మారింది గాని మిగతాదంతా అదే. సైలెంటులో పడిందేమోనని రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటుందో ఆమెకు బాగా తెలుసు.

"కానీ ఒకటి చెప్పనా? ఆ పాము సినిమాలో నేను కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, వెలుతురికి పెట్టి చూసి, మళ్ళీ తుడిచి పెట్టుకుంటాను. గుర్తుందా?"

"ఉంది. ఎందుకలా రెండుసార్లు తుడిచావా అనుకునేదాన్ని."

"అది మా నాన్నే. ఆయన అచ్చం అలాగే చేసేవాడు. మా నాన్న ఒక్క ఫోటో కూడా దిగకుండా పోయాడే, వకుళా. గోడకి తగిలించుకుందామంటే లేదు. మంచి సినిమాల్లో డైరెక్టరు కళ్ళు మన మీదే ఉంటాయి, ఆ కళ్ళజోడేమిటండీ, వద్దు తీసేయండి అంటాడు. అక్కడ నన్ను పట్టించుకునేవాడెవడు? అందరూ పాముని చూసుకుంటున్నారు. నేను మా నాన్నని తెచ్చి పెట్టేసుకున్నాను. ఇంకో సినిమాలో మా అక్క ఉంది, నడుం మీద చెయ్యేసుకుని ఎండ వైపు చూస్తుంది. ఎవరికీ తెలీదు. మా వాళ్ళంతా ఆ చెత్తలోనే ఉన్నారు, క్షేమంగా ఉన్నారు."

ఆ మాటకు గోడ మీది ఫోటోలన్నీ ఒక్కసారి కదిలినట్టు వకుళకు అనిపిస్తుంది. పోలీసు టోపీలోని భీమశంకరం కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. లాయరు కోటులోని భీమశంకరం నడుం మీద చెయ్యి వేసుకుని ఎండ చూస్తున్నాడు. వాళ్ళెవరో ఆమెకు తెలియదు, అయినా లేచి అందరికీ దణ్ణం పెడుతుంది.

"అయితే వృథా కాలేదంటావా బాబాయ్? నీదీ, నాదీ?"

ఆమె అడగాలనుకున్నది అసలు ఇదే. ఈయన బతుకు వృథా అయితే తన బతుకు కూడా వృథా అయినట్టే, ఎందుకంటే ఆమె ఈయన వెనకే నడిచింది.

భీమశంకరం ఆకాశం వైపు చూసి, "లైటు పోతోంది" అంటాడు. అంటూనే వసారాలో పరిచి ఉన్న చాప మీద వెల్లకిలా పడుకుని, కండువా గుండెల దాకా కప్పుకుని, కళ్ళు మూసుకుంటాడు. తల దగ్గర దీపం ఎవరు వెలిగించారో, వెలుగుతోంది. చుట్టూ ఎవరూ లేరు, కానీ ఎందరో ఉన్నట్టు దగ్గులు, గుసగుసలు, కుర్చీలు జరిపిన చప్పుళ్ళు. "ఏడవ్వే" అంటాడు ఆయన పెదవులు కదపకుండా.

"రావట్లేదు బాబాయ్."

"అప్పుడూ ఇదే మాటన్నావు."

అప్పుడు అంటే ఆమె మొదటి సినిమా. తెనాలి స్టేజీ మీద నుంచి నేరుగా వచ్చిన పిల్ల, నాన్న శవం మీద పడి వెనక బెంచీకి వినబడేలా గొంతెత్తి ఏడ్చింది, మైకు పట్టుకున్నవాడు చెవులు మూసుకున్నాడు. డైరెక్టరు నలుగురిలో, "అమ్మా, ఇది నాటకం కాదు, మీ ఊరివాళ్ళని నిద్ర లేపక్కర్లేదు" అని గాలి తీసేశాడు. ఆ తరువాత ఆమెకు ఏడుపు రానే లేదు. ముఖం రాయి అయిపోయింది, ఇంటికి పంపించేస్తారని భయం. అలాంటప్పుడు కండువా కింద నుంచి శవం చెయ్యి వచ్చి ఆమె అరచెయ్యి పట్టుకుంది. బొటనవేలితో మెత్తగా నొక్కింది, ఆగు అన్నట్టు. ఆమె ఆగింది. డైలాగు చెప్పాల్సి ఉన్నా చెప్పకుండా, ఆ ముఖం వైపు చూస్తూ ఊరుకుంది. చాలాసేపటికి ఆ వేలు గట్టిగా నొక్కింది, ఇప్పుడు అన్నట్టు. అంతే, ఎక్కడ ఉన్నాయో తెలియని కన్నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. ఆ సినిమా వచ్చిన వారానికే పోయింది గాని, ఆ ఊరుకున్న కాసేపు చూసి వకుళను ఇంకొకరు పిలిచారు, వాళ్ళను చూసి మరొకరు. ఈ వేళ ఆమె తింటున్న అన్నం ఆ వేలు పెట్టిందే.

ఆ తరువాత ప్రతి సినిమాలోనూ అదే చెయ్యి, అదే వేలు. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. షాట్ అవగానే లేచి, ముక్కులో దూది తీసి పారేసి, భోజనంలో ఏముందని అడిగేవాడు. ఆమె కూడా ఎప్పుడూ మాట్లాడలేదు, మాట్లాడితే అది పోతుందేమో అన్నట్టు. ఆయన పోయాక ఇంక ఎవరితో మాట్లాడాలి?

ఇప్పుడు ఆమె చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కండువా కింద ఆయన చెయ్యి వెతికి పట్టుకుంటుంది. వెచ్చగా ఉంది.

"బాబాయ్, నన్ను నటిని చేసింది నువ్వు. ఆ చెత్త సినిమాల్లో నువ్వు చచ్చిపోయి నన్ను బతికించావు. ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. నీకు నేనెంతో రుణపడ్డాను."

"అందుకేనే ఆ వేషాలు ఒప్పుకున్నది" అంటాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "కథ చెప్పేవాడికి లొంగడం నిజం, ఫోను భయం నిజం. కానీ చచ్చిపోయే వేషం అనేసరికి మాత్రం నేను ఇష్టపడే వెళ్ళేవాణ్ణి. చిన్నప్పుడు మా ఊళ్ళో నాటకంలో నన్ను చచ్చిపోయిన కొడుకు వేషానికి తీసుకెళ్ళారు. తల్లి వేషం వేసినావిడకి అంతకుముందే నిజంగా పిల్లాడు పోయాడట. ఆ సంగతి నాకు తెలీదు. ఆవిడ నా మీద పడి ఏడుస్తుంటే వేడివేడి నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. శవం కదలకూడదు కదా, ఏం చెయ్యను? చెయ్యి మెల్లగా జరిపి ఆవిడ వేలు పట్టుకున్నాను. నాటకం అయ్యాక ఆవిడ నన్ను దగ్గరకి తీసుకుని నెత్తి మీద చెయ్యి పెట్టింది. శవం వేషానికి ఒకటే పని, అమ్మడూ. ఏడ్చేవాళ్ళకి చెయ్యందించాలి. ఆ పని ఇంకెవరైనా సరిగ్గా చేస్తారో లేదో అని నాకు బెంగ."

వకుళ తల వంచుకుని ఆ చేతిని నుదుటికి ఆనించుకుంటుంది. గుండెలో ఎన్నాళ్ళనుంచో బిగిసి ఉన్నదేదో వదులైంది, చెప్పలేనంత హాయిగా ఉంది. కానీ ఇంకొకటి మిగిలి ఉంది, దాన్ని ఆయనే గుర్తు చేస్తాడు.

"నవ్వు సంగతి అడగవేం?"

తెర మీద చచ్చిపోయినవాళ్ళ చేత, షాట్ అవగానే కెమెరా వైపు తిప్పి ఒకసారి నవ్విస్తారు. ఆ నవ్వును కూడా కెమెరా పట్టుకోవాలి, అప్పుడే అరిష్టం పోతుందని, అప్పుడే ప్యాకప్ అని మన సినిమావాళ్ళ నమ్మకం. భీమశంకరం ప్రతి చావుకూ ఒక నవ్వు నవ్వాడు. ఆయన చివరి సినిమాలో మాత్రం నవ్వలేదు. షాట్ అవుతుండగానే జోరువాన ముంచుకొచ్చింది, అందరూ టార్పాలిన్లు పట్టుకుని పరుగులు, ఆ గందరగోళంలో నవ్వు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తరువాత కొన్నాళ్ళకే ఆయన ఇంట్లో నిద్రలో పోయాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి వకుళ మనసులో ఆ లేని నవ్వు ముల్లులా ఉండిపోయింది.

"అందుకే పోయాననుకున్నావా పిచ్చిమొహమా? వయసైపోయి పోయాను. పైగా నేను నవ్వలేదని నీతో ఎవరన్నారు? అందరూ కెమెరా తడవకుండా గొడుగులు పడుతున్నారు, శవాన్ని మాత్రం వానలో వదిలేశారు. దీపం ఆరిపోయింది, ముక్కులో దూది తడిసి తుమ్మొచ్చింది. నేనొక్కణ్ణీ ఆ చాప మీద పడుకుని ఆకాశంకేసి చూస్తూ ఎంతసేపు నవ్వానో! అంత నవ్వు నేనెప్పుడూ నవ్వలేదు. కెమెరా తిరగలేదు, అంతే. ఆ నవ్వు మాత్రం నాది."

వకుళకు ఆ వాన కనిపిస్తోంది, వానలో తడుస్తూ నవ్వే ఆ ముఖం కనిపిస్తోంది. "ఇప్పుడు నవ్వు బాబాయ్, నేను చూస్తాను" అంటుంది.

"ఇప్పుడు నవ్వాల్సింది నేను కాదే" అంటాడు ఆయన.

ఆయన గొంతు కిందనుంచి కాక పైనుంచి వస్తోంది. చాప మీద పడుకుని ఉన్నది తనే, పైన పంకాలు తిరుగుతున్నాయి, భీమశంకరం మోకాళ్ళ మీద పక్కన కూర్చుని ఉన్నాడు, ఆమె చెయ్యి ఆయన చేతిలో ఉంది, ఎవరి చెయ్యి ఎవరి చేతిలో ఉందో ఇప్పుడు తేలడం లేదు. ఎవరిదో చిన్న వేలు, చల్లగా, భయంగా వణుకుతోంది. ఆ వణుకు ఆమెకు బాగా తెలిసిన వణుకు. వకుళ బొటనవేలితో మెత్తగా నొక్కుతుంది, ఆగు అని. చాలాసేపు ఆగుతుంది. తరువాత గట్టిగా నొక్కుతుంది. ముఖం మీద వెచ్చగా ఒక చుక్క పడుతుంది, ఇంకొకటి పడుతుంది, దూరంగా ఎవరో, "అమ్మా, ఒక్కసారి నవ్వండి" అంటున్నారు.

"మేడమ్, ఒక్కసారి నవ్వండమ్మా."

వకుళ కళ్ళు తెరిచింది. ఊరి బయట అద్దెకు తీసుకున్న ఆ ఇంటి వసారా, మిట్టమధ్యాహ్నపు వెలుతురు, పైన కిర్రుమంటున్న పంకా, తల దగ్గర దీపం. అసిస్టెంటు డైరెక్టరు ఆమె మీదకు వంగి ఉన్నాడు. మానిటర్ ముందు సాత్యకి తల అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"షాట్ ఎప్పుడు?" అంది వకుళ.

"అయిపోయింది మేడమ్. లైటింగ్‌లో మీరు నిద్రపోయినట్టున్నారు, లేపుదామంటే సార్ వద్దన్నారు. రివాగారు ఒక్క టేకులో చేసేశారు."

రివా హీరోయిన్. బొంబాయి పిల్ల, తెలుగు రాదు, డైలాగులకు బదులు వన్ టూ త్రీ అని అంకెలు చెప్పి నెట్టుకొస్తోంది, పొద్దుటి నుంచి ఆ పిల్ల కంట ఒక్క చుక్క రాలేదని యూనిట్ అంతా విసుక్కుంటూనే ఉంది. ఇప్పుడు చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, ముఖమంతా తడి, కాటుక చెంపల దాకా దిగింది. దాని చెయ్యి శవం మీద కప్పిన దుప్పటి కింద వకుళ చేతిలోనే ఉంది.

"అమ్మా... మీరు ఇలా చేశారు" అంది రివా వచ్చీరాని తెలుగులో, తన బొటనవేలితో వకుళ అరచేతిని నొక్కి చూపిస్తూ. "నేను... నంబర్లు మర్చిపోయాను."

కెమెరామెన్ "రోలింగ్" అన్నాడు. వకుళ కెమెరా వైపు తల తిప్పి, పడుకునే నవ్వింది, వానలో తడిసిన మనిషి నవ్వినంత నవ్వు నవ్వింది.

"గోడ మీదకి ఫోటో కావాలన్నారు కదూ, తీసుకోండి" అంది లేచి కూర్చుని, ముక్కులో దూది తీసేస్తూ. "దండ మాత్రం ప్లాస్టిక్కుది వద్దు, మెడకి గీసుకుంటుంది. బజారు నుంచి నిజం బంతిపూలు తెప్పించండి."

రివా చెయ్యి ఇంకా వదల్లేదు. వకుళ దాన్ని అలాగే పట్టుకుని లేచి నిలబడి, "భోజనంలో ఏముందయ్యా?" అని అడిగింది.